లైకులు: బయటికి చదవని చదివింపులు

మా బాబాయ్‌కి భీమవరం చుట్టుపక్కల ఒక ఊళ్ళో ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. ఊరి పేరు రాయొద్దన్నాడు. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. మొన్న నేను వెళ్ళేసరికి గట్టు మీద షెడ్డులో కూర్చుని ఫోన్ వంక అనుమానంగా చూస్తున్నాడు. ముందురోజు రాత్రి చెరువు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ మోటారు ఒకటి కాలిపోయింది. "కొత్తది తేవాలిరా" అని పక్కనున్న కుర్రాడితో అన్నాడట. తెల్లారి ఫేస్‌బుక్ తెరిస్తే మొదటి ప్రకటనే ఏరియేటర్లది.

"ఇది మన మాటలు వింటుందిరా అబ్బాయ్" అన్నాడు. ఆ ముక్క చెప్పే ముందు ఫోన్ తీసుకెళ్ళి మేత బస్తాల మీద బోర్లా పెట్టాడు.

ఈ మాట మీరూ అనే ఉంటారు. పాలకొల్లు బస్టాండులో అడిగినా, అమలాపురంలో అడిగినా ప్రతివాళ్ళకీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. కానీ 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి చూశారు. ఏ యాపూ దొంగచాటుగా మైకు ఆన్ చేసి మాటలు బయటికి పంపుతున్న దాఖలా వాళ్ళకు దొరకలేదు. కొన్ని యాప్‌లు తెరమీద జరిగేదాన్ని వీడియో తీసి ఇంకెవరికో పంపుతున్నట్టు మాత్రం దొరికింది. అదీ తక్కువ విషయమేమీ కాదు గానీ, మైకు అనుమానం వేరు.

ఆ వారంలో ఫోన్‌తో ఏమేం చేశావని బాబాయ్‌ని అడిగి వరసగా రాసుకున్నాను. చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఏం చేయాలో చెప్పే వీడియోలు మూడింటికి లైక్ కొట్టాడు. రొయ్య రైతుల గ్రూపులో ఏరియేటర్ ఫొటో కింద "ఎంత పడింది" అని అడిగాడు. ఒక అమ్మకాల సైటు తెరిచి మోటారు ధరలు చూశాడు, ఏమీ కొనలేదు. కైకలూరులో ఒక డీలరుకి నంబరు ఇచ్చాడు. మోటారు కాలకముందే ఇవన్నీ అయ్యాయి. పాత మోటారు మూలుగుతోందని తెలిసే కదా ఇవన్నీ చూశాడు! ఆయనకి కొత్తది కావాలని కుర్రాడికి చెప్పకముందే ఆయన వేలు ఫోన్‌కి చెప్పేసింది.

మరి ఆ వేలు చెప్పింది ఎక్కడికి పోతుంది?

మన వైపు పెళ్ళిలో భోజనాలయ్యాక బయట బల్ల వేసుకుని ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. కవరు ఇస్తాం, పేరు, ఊరు, అంకె రాసుకుంటాడు. చదివింపులు అన్నాం కాబట్టి వెనకటికి పైకి చదివేవారు, ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మైకులో చదువుతారు. ఎవరు ఎంత ఇచ్చారో ఇచ్చినవాడికీ తెలుసు, పుచ్చుకున్నవాడికీ తెలుసు, పందిట్లో అందరికీ తెలుసు. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూసుకుంటారు. లైక్ కూడా అలాంటి చదివింపే అని మనం అనుకుంటాం. మేనకోడలు ఓణీల ఫంక్షన్ ఫొటో పెడితే లైక్ కొడతాం, రేపు మన ఫొటోకి ఆ అమ్మాయి కొడుతుంది. ఇంతవరకూ నిజమే. అయితే అదే బల్ల కింద ఇంకో పుస్తకం నడుస్తోంది. అందులో మన పేరు, వచ్చిన టైము, ఏ ఫొటో దగ్గర ఎంతసేపు ఆగామో ఎక్కుతాయి. అది ఎవరూ పైకి చదవరు.

ఈ రెండో పుస్తకం ఫేస్‌బుక్ గడప దాటిన రోజు ఒకటుంది. లైక్ బటన్‌ని 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ లోపల పెట్టారు. పెట్టకముందు దానికి అనుకున్న పేరు "ఆసమ్" బటన్. 2010 ఏప్రిల్ 21న అదే బటన్‌ని ఎవరి వెబ్‌సైటులోనైనా పెట్టుకోవచ్చన్నారు. పత్రికలు, దుకాణాలు, వంటల సైట్లు ఎగబడి పెట్టుకున్నాయి. ఊరికే వచ్చే ప్రచారం ఎవరికి చేదు?

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చూడాలి, అసలు మెలిక ఇక్కడే ఉంది. వెబ్ పేజీ మొత్తం ఒకే చోటి నుంచి వస్తుందనుకుంటాం. పెళ్ళి భోజనంలో అన్నం, కూరలు వంటవాళ్ళు వండినా కాజా తాపేశ్వరం నుంచి, పూతరేకులు ఆత్రేయపురం నుంచి వచ్చినట్టే, పేజీలో ఒక్కో ముక్కా ఒక్కో సర్వర్ నుంచి వస్తుంది. లైక్ బటన్ ఆ సైటువాళ్ళ దగ్గర ఉండేది కాదు. మీరు పేజీ తెరిచిన ప్రతిసారీ మీ బ్రౌజర్ స్వయంగా ఫేస్‌బుక్ సర్వర్‌ని అడిగి తెచ్చుకునేది. కాజాల కొట్టువాడు పెట్టెలు పంపించి ఊరుకోకుండా "మా మనిషే వచ్చి ఆకు ఆకుకీ వడ్డిస్తాడు" అన్నాడనుకోండి. వడ్డించాలంటే ఏ ఆకు ముందు ఎవరు కూర్చున్నారో చూడక తప్పదు. మీరు కాజా తిన్నారా, పక్కకి నెట్టేశారా అన్నది తర్వాతి సంగతి. పంక్తిలో కూర్చున్నారని వాడికి తెలిసిపోయింది.

బటన్ తెచ్చుకునేటప్పుడు బ్రౌజర్ మూడు సంగతులు చెప్పేది: మీరున్న పేజీ ఏదో, మీ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) ఏదో, ఇంతకుముందు ఫేస్‌బుక్ మీ బ్రౌజర్‌లో దాచిన కుకీ ఏదో. కుకీ అంటే ఒక అంకె రాసి ఉన్న చిన్న చీటీ. మీరు ఫేస్‌బుక్‌లో లాగిన్ అయి ఉంటే ఆ చీటీయే మీ పేరు. అంటే మధుమేహం గురించి చదివినా, విడాకుల చట్టం గురించి చదివినా, పేజీ మూలన ఆ బటన్ కనిపిస్తే సరిపోయేది. నొక్కనవసరం ఉండేది కాదు.

ఫేస్‌బుక్‌లో ఖాతాయే లేనివాళ్ళ మాటేమిటి? 2010 నవంబరులో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకుడు ఆర్నాల్డ్ రూసెన్‌డాల్ ఈ సంగతే బయటపెట్టాడు. సభ్యులు కానివాళ్ళ బ్రౌజర్‌లోనూ చీటీ చేరుతోంది, సైటు సైటుకీ అది కనిపిస్తోంది. బెల్జియంలో ఇది కోర్టుకెక్కింది. సభ్యులు కానివారి జాడ తీయడం మానకపోతే రోజుకు 2,50,000 యూరోలు కట్టాలని 2015 నవంబరులో అక్కడి కోర్టు చెప్పింది. ఆ చీటీ దొంగ ఖాతాలను పట్టుకోవడానికి అని ఫేస్‌బుక్ వాదన. మరుసటి ఏడాది ఈ కేసు తమ పరిధిలోకి రాదని పై కోర్టు తీర్పు కొట్టేసింది, 2018లో మరో తీర్పు మళ్ళీ ఫేస్‌బుక్‌కి వ్యతిరేకంగా వచ్చింది. కాలవ నీళ్ళ తగాదాలు చూసినవాళ్ళకి ఇదేమీ కొత్తగా అనిపించదు.

సరే, పుస్తకంలో ఎక్కింది. ఎక్కితే ఏమైంది, నా లైకుల్లో ఏముంది దాచుకోవడానికి అని చాలామంది అంటారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో మైకల్ కొసిన్‌స్కీ, అతని తోటివాళ్ళు 2013లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. 58,000కు పైగా అమెరికా వలంటీర్ల లైకులు తీసుకుని, లైకులు తప్ప ఇంకేమీ చూడకుండా, మనిషి ఎవరో ఊహించబోయారు. ఇద్దరిని చూపి వీళ్ళలో ఎవరు డెమోక్రాట్, ఎవరు రిపబ్లికన్ అంటే నూటికి 85 సార్లు సరిగ్గా చెప్పగలిగారు. క్రైస్తవులెవరు, ముస్లింలెవరు అంటే 82 సార్లు. స్వలింగ సంపర్కులైన మగవాళ్ళ విషయంలో 88 సార్లు. వీళ్ళలో ఎక్కువమంది ఆ సంగతి నేరుగా తెలిపే పేజీలేవీ లైక్ చేయలేదు. ఉంగరాలు తిరిగిన బంగాళాదుంప ఫ్రైలని లైక్ చేయడం తెలివితేటలకు గుర్తుగా తేలడం అన్నిటికన్నా వింత. బంగాళాదుంపలో తెలివి లేదు. తెలివైనవాళ్ళ స్నేహ బృందంలో ఆ పేజీ ముందుగా పాకిందేమో, అంతే. లెక్కకి కారణంతో పనిలేదు, జోడీ కుదిరితే చాలు.

ఇది అమెరికావాళ్ళ మీద చేసిన పరీక్ష, మన దగ్గర అవే అంకెలు వస్తాయని చెప్పలేం. కానీ పద్ధతి ఏ ఊళ్ళోనైనా అదే. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలు, గల్ఫ్ వీసాల పోస్టులు, రాత్రి రెండింటికి బంగారం ధర: ఈ మూడూ ఒకే వేలి నుంచి వస్తే ఆ వేలు ఎవరిదో కోనసీమలో పుట్టినవాళ్ళు ఎవరైనా కాస్త ఊహించగలరు. మనం ఒక్క మనిషిని ఊహించేలోగా యంత్రం కోట్లమందిని ఊహిస్తుంది.

అదే బృందం 2015లో ఇంకో అడుగు వేసింది. ఒక మనిషి స్వభావం ఎలాంటిదో అంచనా వేయడంలో పది లైకులుంటే యంత్రం ఆఫీసులో తోటి ఉద్యోగిని దాటేసింది. 70 ఉంటే స్నేహితుణ్ణి, 150 ఉంటే ఇంట్లోవాళ్ళని, 300 ఉంటే భార్యనో భర్తనో. బాబాయ్ లైకులు వేలల్లో ఉంటాయి. ఈ ముక్క పిన్నికి చెప్పలేదు.

ఇక డబ్బు సంగతి. "మీ డేటా మేం అమ్మం" అని ఫేస్‌బుక్ ఎప్పుడూ అంటుంది. చాలామంది దీన్ని పచ్చి అబద్ధం అంటారు గానీ, నాకు అది తెలివైన నిజం అనిపిస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో దళారిని చూడండి. ఏ రైతు దగ్గర ఎన్ని కాయలున్నాయో, ఎవరికి డబ్బు అత్యవసరమో ఆయనకి తెలుసు. ఆ జాబితా రాసి వ్యాపారికి అమ్మేస్తే వచ్చే ఏడు ఆయన అవసరం ఎవరికుంటుంది? జాబితా తన దగ్గరే ఉంచుకుని, బేరం తన చేతుల మీదుగా నడిపిస్తాడు. ఫేస్‌బుక్ కూడా అంతే. ఏరియేటర్ల కంపెనీకి బాబాయ్ పేరు తెలియదు. "పశ్చిమ గోదావరిలో రొయ్యల సాగు మీద ఆసక్తి ఉన్నవాళ్ళు" అని అడిగి డబ్బు కడుతుంది, బాబాయ్‌ని వెతికి చూపించే పని ఫేస్‌బుక్‌ది.

చూపించే ముందు వేలం జరుగుతుంది. మీరు ఫోన్ తెరిచి కిందికి లాగే రెప్పపాటులో, ఆ ఖాళీ జాగా కోసం ఎంతోమంది ప్రకటనదారులు పోటీ పడతారు. చేపల మార్కెట్లో పాటకీ దీనికీ ఒక్క తేడా. ఇక్కడ ఎక్కువ పాడినవాడే గెలవాలని లేదు. వాడు పాడిన ధరని, ఈ ప్రకటన చూసి ఈ మనిషి నొక్కే అవకాశం ఎంత అన్న అంచనాతో గుణిస్తారు, దానికి ప్రకటన నాణ్యత కలుపుతారు. లైక్ విలువంతా ఆ అంచనాలో ఉంది. బాబాయ్ ఆక్సిజన్ వీడియోలకి లైక్ కొట్టాడు కాబట్టి ఆయన నొక్కే అవకాశం పెరిగింది, అందుకే తక్కువ పాడిన కంపెనీ కూడా ఆయన ముందుకి రాగలిగింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లకు యజమాని అయిన మెటా 2024 ఆదాయం సుమారు 164 బిలియన్ డాలర్లు, అందులో 160 బిలియన్లకు పైగా ప్రకటనల సొమ్మే. అంచనా ఎంత గురిగా ఉంటే అంత రాబడి.

కైకలూరు డీలరుకిచ్చిన నంబరు కూడా ఇక్కడే పనికొస్తుంది. దుకాణదారు తన ఖాతాదారుల ఫోన్ నంబర్లు గుర్తుపట్టలేని అంకెలుగా మార్చి ఎక్కిస్తే, ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లనీ అలాగే మార్చి సరిపోల్చి వాళ్ళకే ప్రకటన చూపిస్తుంది. "ఇలాంటివాళ్ళనే ఇంకా వెతికిపెట్టు" అన్నా పెడుతుంది. అందుకే ఏమీ చేయని పక్క చెరువు రైతుకీ ఆ ప్రకటన వెళుతుంది. బాబాయ్ లైకు బాబాయ్‌తో ఆగదు.

కొన్నాళ్ళు మన పేరునే ప్రకటనలో వాడారు కూడా. 2011లో మొదలైన పద్ధతిలో, మీరు ఏదైనా కంపెనీ పేజీ లైక్ చేస్తే "ఫలానావారికి ఇది నచ్చింది" అని మీ పేరు, ఫొటోతో మీ స్నేహితులకు ప్రకటన వెళ్ళేది. మా పేరు వాడుకోవడానికి మమ్మల్ని అడిగారా అని అమెరికాలో కేసు వేశారు. 2013లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, ఏడాదికి ఆ పద్ధతి పోయింది.

లైకుకి తోడుగా 2016లో లవ్, నవ్వు, ఆశ్చర్యం, ఏడుపు, కోపం వచ్చాయి. ముచ్చటగా ఉన్నాయి కదా అనుకున్నాం. 2017లో ఎవరికి ఏ పోస్టు ముందు చూపాలో తేల్చే లెక్కలో ఒక్కో ఎమోజీకి ఐదు లైకుల బరువిచ్చారు. కోపానికీ ఐదే. కోపం తెప్పించే పోస్టు ఎక్కువమందికి చేరడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2020 సెప్టెంబరులో కోపం బరువు సున్నా చేశారు. ఫేస్‌బుక్‌లో పనిచేసి బయటికొచ్చిన ఫ్రాన్సెస్ హౌగెన్ బయటపెట్టిన కంపెనీ కాగితాల వల్ల 2021లో గానీ లోకానికి ఇది తెలియలేదు. ఊరి గ్రూపులో ఎవరి మీదైనా తిట్ల పోస్టు చూసి మనం కొట్టిన ఆ ఎర్ర మొహం, తిట్టినవాడికి ఒకప్పుడు ఐదు చదివింపులన్నమాట.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఎవరు దేనికి లైక్ కొట్టారో మిగతావాళ్ళకి కనబడకుండా 2024 జూన్‌లో దాచేశారు. మొదటి పుస్తకం మూశారు, అంతే. కంపెనీ దగ్గరున్న రెండోది తెరిచే ఉంది.

బయటి సైట్లలో లైక్ బటన్ రోజులు మాత్రం అయిపోయాయి. 2026 ఫిబ్రవరి 10తో ఆపేస్తున్నామని 2025 నవంబరులో మెటా ప్రకటించింది. ఎక్కడైనా మిగిలిపోతే కంటికి కనబడని సున్నా సైజులో ఉంటుందట. వాడకం తగ్గింది అన్నారు. వాడకం తగ్గడం నిజమే, కానీ బటన్ చేసే పని ఎప్పుడో వేరేదానికి అప్పగించేశారు. 2015లో వచ్చిన పిక్సెల్ అనే చిన్న కోడ్ ముక్క కంటికి ఏమీ చూపించకుండానే అన్నీ రాస్తుంది: పేజీ చూశాడు, బుట్టలో వేశాడు, కొనకుండా పోయాడు. బ్రౌజర్లు కుకీలని అడ్డుకోవడం మొదలెట్టాక, దుకాణం సర్వర్ నుంచి ఫేస్‌బుక్ సర్వర్‌కే నేరుగా కబురు పంపే దారి వేశారు. అది మన ఫోన్ మీదుగా వెళ్ళదు కాబట్టి మన ఫోన్‌లో దాన్ని ఆపే బ్రౌజర్ ఏదీ లేదు. కాజా వడ్డించే మనిషి ఇప్పుడు పందిట్లోకి రావడం లేదు, పెళ్ళివారే పంక్తి జాబితా రాసి పంపుతున్నారు.

మరి తప్పు జాబితా పంపినవాళ్ళదా, తీసుకున్నవాళ్ళదా? యూరప్‌లో ఫ్యాషన్ ఐడీ అనే జర్మనీ బట్టల దుకాణం మీద ఈ ప్రశ్నే వచ్చింది. సైటులో లైక్ బటన్ పెట్టుకున్న దుకాణానికి కూడా, సమాచారం సేకరించి పంపినంత మేరకు, బాధ్యత ఉంటుందని 2019 జులై 29న అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల నడవడిని గమనించడం, వాళ్ళని గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదంటుంది చట్టం. జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. వినడానికి బాగుంది. కానీ బాబాయ్ ఫోన్‌లో సాయంత్రం ఆరు తర్వాత కార్టూన్లు చూసేది మనవడు, మధ్యాహ్నం చీరలు చూసేది పిన్ని. ఆ పుస్తకంలో ఎక్కే మనిషి రొయ్యలు పెంచుతూ, కంచిపట్టు కడుతూ, డైనోసార్లని ప్రేమించే యాభై ఎనిమిదేళ్ళ ఆసామి. అందులో పిల్లవాడి భాగం ఏదో ఎవరు విడదీస్తారు?

ఆ సాయంత్రం బాబాయ్ ఫోన్‌లో ఫేస్‌బుక్ సెట్టింగ్స్ తెరిచాను. అకౌంట్స్ సెంటర్‌లో, బయటి యాప్‌లు, సైట్లు మీ గురించి మెటాకి పంపిన కబుర్ల జాబితా ఉంటుంది. 2020 జనవరి నుంచి అందరికీ ఉంది, చూసినవాళ్ళు తక్కువ. అక్కడ పాతవి మీ ఖాతా నుంచి విడదీయవచ్చు, ఇకముందు కలపకుండానూ చేయవచ్చు. దానివల్ల ప్రకటనలు తగ్గవు, గురి తప్పుతుంది. షేర్ చేసే లింకుల చివర ప్రశ్నార్థకం తర్వాత వేలాడే అక్షరాల తోకని కత్తిరించి పంపడం కూడా ఆయనకి నేర్పాను. ఎవరు ఎవరికి పంపారో జాడ తీసేది చాలావరకు ఆ తోకే. తోక కత్తిరించడం రొయ్యల మనిషికి నేర్పాలా అని నవ్వాడు.

జాబితాలో పేర్లు ఒక్కొక్కటీ చదువుతున్నాను. వార్తల యాపు, మోటారు ధరలు చూసిన సైటు, మందుల షాపు. నాలుగోది ఒక అప్పుల యాపు. నిరుడు మార్చి తేదీలు, వరసగా మూడు రాత్రులు.

నవ్వు ఆగిపోయింది. నిరుడు ఆ నెలలో రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి పంట పోయింది, యాభై రోజుల రొయ్యని అడ్డగోలు ధరకి పట్టించేశారు. మేత బాకీ ఎలా తీర్చావని అందరం అడిగాం. "సర్దుకున్నాంలే" అన్నాడు అప్పుడు.

"తీసుకోలేదురా, చూశానంతే" అన్నాడు కాసేపటికి. "ఇంట్లో ఎవరికీ తెలీదు అది."

విడదీసే బటన్ నొక్కమని ఫోన్ చేతికిచ్చాను. ఖాయమేనా అని ఫోన్ ఇంకోసారి అడిగింది, నొక్కాడు. చీకటి పడుతోంది, ఆక్సిజన్ పడిపోయే వేళ. ఏరియేటర్లు వేయడానికి లేచాడు.

"రాసుకుంటే రాసుకో గానీ, ఊరి పేరు రాయకు" అన్నాడు స్విచ్చుల పెట్టె దగ్గర నుంచి. "మీ పిన్ని నువ్వు రాసేవన్నీ చదివి లైక్ కొడుతుంది."